కీర్తిశేషులు విక్రమ సారాభాయి

అన్నవస్త్రములకు కరవైన దేశమునకు రాకెట్టు లేలయని యడిగినవారు నాడు పెక్కురు. వారికి మాటలతోగాక కార్యముచే బదులు చెప్పిన మహనీయులు విక్రమ సారాభాయిగారు.

వీరు 1919 ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదునందు మిల్లు యజమానుల యింట జన్మించిరి. కేంబ్రిడ్జిలో చదువుచుండగా యుద్ధము వచ్చుటచే స్వదేశమునకు మరలి, బెంగుళూరున సర్ సి. వి. రామన్ గారియొద్ద విశ్వకిరణములను గూర్చి పరిశోధించిరి. తండ్రి గడించిన సిరితో సుఖముగా కాలము గడుపదగినవారయ్యు, 1947లో అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించిరి. వీరి కృషిచే 1963 నవంబరు 21న కేరళ తీరమందలి తుంబానుండి మన గడ్డపై మొదటి అంతరిక్ష రాకెట్టు ఎగసెను. 1969లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏర్పడెను.

అయినను వారి దృష్టి నేలపైననే నిలిచియుండెను. కేరళమున కొబ్బరితోటలను వేరుతెగులు పీడించుచుండగా, 1970లో వారి ప్రోత్సాహముతో పిషరోటి రామ పిషరోటిగారు హెలికాప్టరునుండి ఆ తోటలను పరారుణ ఫిల్ముపై చిత్రింపించిరి. ఆరోగ్యముగానున్న ఆకు కంటికి గానరాని పరారుణ కాంతిని మెండుగా మరలించును; తెగులు సోకిన యాకు అంతగా మరలింపజాలదు. చిత్రములలో ఆ భేదము తేటపడెను. మింటనుండి చెట్టు బాగోగులు తెలియనగునని మనవారు గ్రహించిరి.

ఈ విత్తనము మానగుట చూచుటకు వారికి ఆయువు చాలలేదు. 1971 డిసెంబరు 30న కోవళమునందు 52 యేండ్ల ప్రాయమున కన్నుమూసిరి. భూవనరులను పరిశీలించు అమెరికా ఉపగ్రహము ఎగసినది మరుసటి సంవత్సరము జూలైలోనే. 1974లో మన హైదరాబాదున జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ వెలసెను. 1988 మార్చి 17న సోవియట్ రాకెట్టుపై లేచిన మన ఐ.ఆర్.ఎస్.–1ఏ ఉపగ్రహము సుమారు 900 కిలోమీటర్ల యెత్తున తిరుగుచు, 22 దినముల కొకమారు ప్రతి తావును చూడసాగెను. నేడు పంటల విస్తీర్ణము, చెరువుల నీరు, అడవుల తరుగు, వరద ముంపు, భూగర్భజలముల జాడ యీ విద్యచే తెలియుచున్నవి.

తెలిసికొనుట ఒకటి, దిద్దుకొనుట మరియొకటి. చెరువు శిఖమును దున్నుకొన్న గుర్తు ఉపగ్రహ చిత్రమున స్పష్టముగా గానవచ్చును. ఆ నేలను మరల నీటికి విడిచిపెట్టవలసినవారు భూస్వాములు, విడిపింపవలసినవారు అధికారులు. సారాభాయిగారు దేశమునకు కన్నొసంగి పోయిరి. ఆ కంటికి గానవచ్చిన దానిని మనము చూడనట్లు నటించుట వారి శ్రమకు ద్రోహమగును.