ఆచార్య సూరి భగవంతం

నీటి అణువులోను, కార్బన్ డయాక్సైడ్ అణువులోను మూడేసి పరమాణువులే ఉంటాయి. రెండింటిలోను ఆక్సిజన్ ఎలక్ట్రానులను తన వైపునకు ఆకర్షిస్తుంది. అయినా నీరు 100 డిగ్రీల సెల్సియస్ వరకు ద్రవంగా నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ సాధారణ ఉష్ణోగ్రత వద్ద వాయువుగానే ఉంటుంది. ఈ భేదానికి మూలం ఆకృతి. కార్బన్ డయాక్సైడ్ అణువు సరళరేఖ వంటిది. రెండు వైపుల ఆకర్షణ సమానం కావడం వల్ల దాని ధ్రువత నశిస్తుంది. నీటి అణువు వంగి ఉండడం వల్ల ధ్రువత మిగులుతుంది. హైడ్రోజన్ బంధాలతో అణువులు పరస్పరం ఆకర్షించుకుంటాయి. కంటికి కానరాని అణువుల ఆకృతిని, సౌష్ఠవాన్ని అన్వేషించిన తెలుగు శాస్త్రవేత్త ఆచార్య సూరి భగవంతం.

ఆయన 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో పట్టభద్రులయ్యారు. 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ శిష్యులయ్యారు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరం అదే. అణువులపై పడిన కాంతి పరిక్షేపణం చెందేటప్పుడు వాటి నిర్మాణ రహస్యాలను వెంట తెస్తుంది. ఆ రహస్యాలను చదవడమే భగవంతం గారి సాధన అయింది. ఫోటాన్ భ్రమణంపై 1931లో గురువుతో కలసి పరిశోధనా ఫలితాలను ప్రకటించారు.

ప్రఖ్యాతి గాంచిన ఆ పరిశోధనశాలను వీడి 1932లో ఆయన వాల్తేరు వచ్చారు. అప్పటికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వయస్సు ఆరేళ్లే. అక్కడ గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలసి సమూహ సిద్ధాంతాన్ని అణువులకు, స్ఫటికాలకు అన్వయించారు. అణువు సౌష్ఠవం తెలిస్తే చాలు, దాని కంపనాలలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో, ఏవి కనిపించవో ముందుగానే నిర్ణయించవచ్చు. కేవలం ఊహాత్మకమని తోచే గణితం పదార్థ రహస్యాలకు తాళపుచెవి అయింది. వారిరువురూ రచించిన గ్రంథం 1948లో వెలువడింది.

తరువాత ఆయన 1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. నాడు వరంగల్లులోని కళాశాల విద్య సైతం ఆ విశ్వవిద్యాలయ పరిధిలోనిదే. అనంతరం బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు సంచాలకులయ్యారు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవలందించారు. 1989లో పరమపదించారు.

గణితం, భౌతికం, రసాయనం వేర్వేరు పాఠ్యపుస్తకాలుగా విద్యార్థి చేతికి వస్తాయి. ప్రకృతిలో మాత్రం అవి వేరు కావు. ఒక్క నీటి బిందువులో ఆ మూడింటినీ దర్శించవచ్చునని నిరూపించిన జీవితం భగవంతం గారిది.