పత్తి చేలో పల్లీల మాస్టారు

జార్జి వాషింగ్టన్ కార్వర్ పుట్టినరోజు ఎవరూ రాసిపెట్టలేదు. బానిస పిల్లల లెక్క ఎవరిక్కావాలి గనక! అమెరికాలోని మిస్సోరీలో, 1864 ప్రాంతంలో పుట్టాడు. పొత్తిళ్లలో ఉండగానే తల్లి మేరీతో సహా దోపిడీ ముఠా ఎత్తుకుపోయింది. పిల్లాడు దొరికాడు. తల్లి జాడ మరి తెలియలేదు.

యజమాని భార్య సూసన్ అతన్ని పెంచింది. రోగిష్టి పిల్లాడు, పొలం పని చేయలేడు. అందుకని వంట, ఉతుకు, కుట్టుపని, ఆపైన అక్షరాలూ నేర్పింది. నియోషోలో నల్లపిల్లల బడికెళ్లినప్పుడు మంత్రసాని మరియా వాట్కిన్స్ ఇంట్లో చోటిచ్చి, ఆకుపసర్ల గుణాలు చెప్పింది. కాన్సస్‌లో ఓ కాలేజీ సీటిచ్చి, తీరా వెళ్లాక ఒంటి రంగు చూసి పొమ్మంది. బట్టలుతికి పొట్టపోసుకుంటూ సింప్సన్ కాలేజీలో బొమ్మలు నేర్చుకుంటుంటే, టీచర్ ఎట్టా బడ్ వ్యవసాయ కాలేజీకి దారి చూపింది. సూదీదారం నుంచి సైన్సు దాకా నడిపించింది ఆడవాళ్లేనంటే తప్పేముంది?

1896లో బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు మీద అలబామాలోని టస్కెగీ విద్యాసంస్థకు వెళ్లారు. ఏళ్ల తరబడి పత్తే వేసి అక్కడి నేల పిప్పయిపోయింది. దున్నేది పేద నల్లవాళ్లు, భూమి చాలావరకు దొరలది. ఎరువు కొనాలంటే అప్పే.

కార్వర్ చెప్పిన మందు అలసందలు, పల్లీలు. పల్లీ మొక్కను పీకితే వేళ్లకు చిన్నచిన్న బుడిపెలుంటాయి చూడండి, అది తెగులు కాదు. రైజోబియం తరహా బాక్టీరియా అందులో కాపురముంటుంది. మొక్క దానికి చక్కెర పెడుతుంది, అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మార్చిపెడుతుంది. బుడిపెను చిదిమితే లోపల గులాబీరంగు కనిపిస్తే పని సవ్యంగా సాగుతున్నట్టే. కాయలు ఇంటికి తెచ్చుకుని, తీగను పొలంలోనే కలియదున్నితే ఆ బలం నేలకే. జర్మనీలో హెల్‌రీగెల్, హాలెండ్‌లో బైయరింక్ 1880ల్లో ఈ గుట్టు విప్పారు. కార్వర్ చదువుకునే నాటికి ఇది తాజా కబురు.

చెప్పడం తేలికే. పల్లీలు పండిస్తే కొనేదెవరు? అప్పిచ్చే షావుకారుకు పత్తి కావాలి. చిక్కంతా అక్కడే ఉంది. దాంతో పొలం మాస్టారు వంటింట్లోకి నడిచారు! అలసందలు ఎలా వండాలో చిన్న పుస్తకం వేశారు. 1916లో పల్లీలతో 105 రకాలు... సూపులు, రొట్టెలు, కేకులు, మిఠాయిలు. అన్నీ సొంతం కావు, పత్రికల్లోంచి ఏరినవీ ఉన్నాయి. ఆ మాట ఆయనే రాశారు. పీనట్ బటర్ ఆయనే కనిపెట్టారన్నది మాత్రం ఉత్తమాట. 1906లో ఓ బండి నిండా పనిముట్లు, విత్తనాలు సర్ది బడినే పల్లెలకు పంపారు. 1910ల్లో ముక్కుపురుగు పత్తిని తినేశాక చాలామంది రైతులు పల్లీలకు మళ్లారు.

1921లో పల్లీల దిగుమతి సుంకంపై అమెరికన్ కాంగ్రెసు కమిటీ ముందు మాట్లాడమని పది నిమిషాలిచ్చారు. వినేకొద్దీ గడువు పెంచుకుంటూ పోయారు.

పెళ్లి చేసుకోలేదు. కోటుకు ఎప్పుడూ ఓ పువ్వుండేది. దాచిన డబ్బును టస్కెగీలో పరిశోధనకే ఇచ్చేశారు. 1943 జనవరి 5న కన్నుమూశారు. సూసన్ నేర్పిన కుట్టూ అల్లికా ఆయన పెద్దయ్యాకా మానలేదు.