టంగుటూరి ప్రకాశం - న్యాయవాద జీవితము

టంగుటూరి ప్రకాశం పంతులు (ఆగష్టు 23, 1872 – మే 20, 1957) సుప్రసిద్ధ స్వాతంత్ర్య సమరయోధుడు, బారిస్టరు, పత్రికా సంపాదకుడు, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి. ఆంధ్ర కేసరి అను బిరుదుతో తెలుగువారందరికీ సుపరిచితుడు. సైమన్ కమిషన్ రాక సందర్భమున తుపాకులకు ఎదురు నిలిచిన వీరునిగా ఈయనను అందరూ ఎరుగుదురు గాని, అంతకు ముందు సుమారు పాతికేళ్ళకు పైగా న్యాయవాదిగా సాగించిన జీవితము అంతగా ప్రచారమునకు రాలేదు. పూటకూళ్ళ ఇంటిలో పెరిగి, రెండవ తరగతి ప్లీడరుగా మొదలై, లండను వెళ్ళి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో అగ్రశ్రేణికి చేరి, 1921లో ఆ వృత్తిని పూర్తిగా విడిచిపెట్టిన వైనము ఈ వ్యాసములో ప్రధాన విషయము.

బాల్యము, విద్యాభ్యాసము

ప్రకాశం ఒంగోలు సమీపమున గల వినోదరాయునిపాలెము గ్రామములో నియోగి బ్రాహ్మణ కుటుంబములో సుబ్బమ్మ, గోపాలకృష్ణయ్య దంపతులకు జన్మించాడు. చిన్నతనముననే తండ్రి మరణించాడు. పిల్లలను పోషించుటకు తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపింది. ఆ రోజులలో ఆ వృత్తిని చిన్నచూపు చూసేవారు. అయినా కుమారుని చదువు ఆగకూడదని ఆమె పట్టుబట్టింది.

ఒంగోలు పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఈ కుర్రవాని చురుకుదనమును గుర్తించి చేరదీశాడు. నాయుడుగారికి నాటకములపై అభిరుచి మెండు. ఆయన ప్రోత్సాహముతో ప్రకాశం వేషములు కట్టాడు. ఆయన రాజమండ్రికి మారినపుడు ప్రకాశమును వెంట తీసుకువెళ్ళి చదివించాడు. 1890లో హనుమాయమ్మతో వివాహము జరిగింది. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రము చదివి ప్రకాశం రెండవ తరగతి ప్లీడరు అయ్యాడు.

రాజమండ్రిలో ప్లీడరు

కొద్దికాలము ఒంగోలులో పని చేసిన పిమ్మట 1894లో ప్రకాశం రాజమండ్రికి మకాము మార్చాడు. అప్పటికి రాజమండ్రి గోదావరి జిల్లాకు న్యాయపాలనా కేంద్రము. ధవళేశ్వరము ఆనకట్ట (1847–1852) వచ్చిన తరువాత డెల్టా భూముల విలువ పెరిగింది. దానితోపాటే సరిహద్దు తగాదాలు, దత్తత తగాదాలు, కౌలు తగాదాలు పెరిగాయి. జమీందారీ కుటుంబముల వ్యాజ్యములు తరతరములు సాగేవి. కొన్ని లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా పోయేవి. పిఠాపురము సంస్థానమునకు సంబంధించిన దావా ఒకటి 1899లో అక్కడనే తేలింది. ఇటువంటి ప్రాంతములో తెలివిగల ప్లీడరుకు పనికి కొదువ ఉండదు. ప్రకాశం త్వరలోనే పేరు, ధనము గడించాడు. పురపాలక రాజకీయములలోను ప్రవేశించి 1904లో రాజమండ్రి మునిసిపల్ ఛైర్మన్ పదవిని చేపట్టాడు.

అయితే అప్పటి న్యాయవాద వృత్తి మెట్లు మెట్లుగా ఉండేది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము ప్రకారము ఎవరు ఏ కోర్టులో నిలబడవచ్చునో నిర్ణయమై ఉండేది. అడుగున ముక్తార్లు, వారిపైన ప్లీడర్లు, ఆపైన హైకోర్టు వకీళ్ళు, అందరికీ పైన బారిస్టర్లు. రెండవ తరగతి ప్లీడరు ఎంత సమర్థుడైనా దిగువ కోర్టుల పరిధి దాటరాదు. తాను మొదటినుండి నడిపిన దావా అప్పీలుకు వెళ్ళినపుడు, కాగితముల కట్ట మరొకరి చేతికి ఇచ్చి వెనుక కూర్చోవలసినదే. ఒక వ్యాజ్యము నిమిత్తము మద్రాసు వెళ్ళినపుడు ప్రకాశం చాకచక్యమును చూసిన ఒక బారిస్టరు, ఈయనను కూడా బారిస్టరు కమ్మని ప్రోత్సహించాడు. ముప్పది యేళ్ళు దాటిన వయసులో, సంసారము, నడుస్తున్న ప్రాక్టీసు, మునిసిపల్ పదవి ఉండగా, ప్రకాశం ఆ సలహాను పాటించ నిశ్చయించుకున్నాడు.

లండను ప్రయాణము

1904లో ప్రకాశం ఇంగ్లాండు వెళ్ళాడు. సముద్రము దాటిన బ్రాహ్మణుని కులము వారు వెలివేసే రోజులవి. మద్యము, మాంసము, పొగాకు ముట్టనని తల్లికి మాట ఇచ్చి బయలుదేరాడు.

బ్రిటనులో న్యాయవాద వృత్తి రెండు శాఖలుగా ఉండేది. ఈ తేడా తెలియనిదే ప్రకాశం జీవితములోని తరువాతి ఘట్టము బోధపడదు. సొలిసిటర్లు కక్షిదారులతో నేరుగా వ్యవహరిస్తారు. దస్తావేజులు వ్రాస్తారు, సాక్ష్యములు సేకరిస్తారు, కంపెనీలకు, బ్యాంకులకు సలహాలు ఇస్తారు. వీరు కలిసి భాగస్వామ్య సంస్థలు పెట్టుకొనవచ్చును. నేడు వేలాది మంది పనిచేసే ఫ్రెష్‌ఫీల్డ్స్, 1889లో ప్రారంభమైన స్లాటర్ అండ్ మే వంటి సంస్థలు ఈ శాఖకు చెందినవే. ఫ్రెష్‌ఫీల్డ్స్ వారు 1743 నుండి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండుకు న్యాయ సలహాదారులు. ప్రకాశం లండనులో ఉన్నప్పుడు ఈ సంస్థలు ఇప్పటితో పోల్చితే చిన్నవి. 20 మందికి మించి భాగస్వాములు ఉండరాదను చట్టపు నిబంధన సొలిసిటర్లకు 1967 వరకు అమలులో ఉండినది. సొలిసిటరు కాదలచినవాడు పట్టభద్రుడు కానిచో ఒక సంస్థలో ఐదేళ్ళు శిక్షణ గుమాస్తాగా పనిచేయవలసి ఉండేది. ఆ ఒప్పందపు పత్రమునకే 80 పౌనుల స్టాంపు రుసుము ఉండేది. శిక్షణ ఇచ్చే యజమానికి చెల్లించే సొమ్ము దీనికి అదనము.

రెండవ శాఖ బారిస్టర్లది. కోర్టులో నిలబడి వాదించుట వీరి పని. ఆనాడు వీరు భాగస్వామ్య సంస్థలు పెట్టుటకు వీలు ఉండేది కాదు. కొందరు కలిసి ఒకే ఛాంబర్లలో గదులు, గుమాస్తా ఖర్చు పంచుకున్నా, ఎవరి సంపాదన వారిదే. ఆనాడు కక్షిదారు నేరుగా బారిస్టరును కలియుటకు వీలు ఉండేది కాదు. సొలిసిటరు ద్వారానే కేసు రావలసి ఉండేది. ఫీజు ఎగ్గొట్టినవారిపై దావా వేయుటకు కూడా బారిస్టరుకు హక్కు ఉండేది కాదు. పేరుకు ఇది గౌరవ వృత్తి. ఆచరణలో మాత్రము కొత్త బారిస్టరు సొలిసిటర్ల దయకై సంవత్సరములు ఎదురుచూచేవాడు.

భారతీయ విద్యార్థులు ఎక్కువగా బారిస్టరు చదువునే ఎంచుకొనుటకు కారణము తేలికగానే తెలుస్తుంది. లింకన్స్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్, గ్రేస్ ఇన్ అను నాలుగు సంస్థలలో ఒకదానిలో చేరి, మూడేళ్ళలో 12 టర్ములు గడిపి, పరీక్షలలో ఉత్తీర్ణులైతే సరిపోయేది. స్వదేశమునకు తిరిగివచ్చి హైకోర్టులో అడ్వకేటుగా నమోదు కాగలిగేవారు. టర్ము గడుపుట అనగా ఆ సంస్థ భోజనశాలలో నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరగుట. విశ్వవిద్యాలయ విద్యార్థులు కానివారికి టర్ముకు ఆరు చొప్పున లెక్క వేస్తే మొత్తము 72 విందులవుతాయి. మాంసము, మద్యము వడ్డించే బల్ల వద్ద శాకాహారి కూర్చుని హాజరు వేయించుకొనుట ఆనాటి భారతీయ విద్యార్థులు చాలామంది పడిన పాటు. అనుభవము కోరినవారు ఒక సీనియరు ఛాంబర్లలో ఏడాదికి 100 గినీలు చెల్లించి పని నేర్చుకునేవారు. పదేళ్ళు కోర్టు పక్షిగా బ్రతికిన ప్రకాశం వంటివానికి వాదన కొత్త విద్య కాదు. కావలసినది పట్టా మాత్రమే.

లండనులో ప్రకాశం చదువుకే పరిమితము కాలేదు. భారతీయుల సంఘములలో తిరిగాడు. 1906 ఎన్నికలలో నార్త్ లాంబెత్ నియోజకవర్గము నుండి పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ తరఫున పనిచేశాడు. ఆ ఎన్నికలో నౌరోజీ ఓడిపోయాడు. ప్రకాశం యోగ్యతా పత్రముతో బారిస్టరు పరీక్ష ముగించి 1907లో మద్రాసు చేరాడు.

మద్రాసు హైకోర్టులో

ప్రకాశం మద్రాసుకు వచ్చేనాటికి నగరములోని వ్యాపార వర్గములు ఇంకా తేరుకొనలేదు. 1906 అక్టోబరు 22న ఆర్బత్‌నాట్ బ్యాంకు దివాలా తీయగా వేలాది మంది డిపాజిటుదారులు నష్టపోయారు. న్యాయవాదులకు మాత్రము చేతినిండా పని దొరికింది. నగరములో ఆంగ్లేయ బారిస్టర్లకు, తమిళ వకీళ్ళకు గట్టి పట్టు ఉండేది. లండను పద్ధతిలోనే హైకోర్టు ఒరిజినల్ శాఖలో అటార్నీలు కేసు సిద్ధము చేసి బారిస్టరుకు అందించేవారు. 1908లో ఏర్పడిన కింగ్ అండ్ పార్ట్రిడ్జ్ ఇటువంటి అటార్నీ సంస్థలలో ఒకటి. తెలుగువాడు, బంధుబలగము లేనివాడు, గోదావరి జిల్లా ప్లీడరుగా మాత్రమే తెలిసినవాడు ఇక్కడ నెగ్గుకు రాగలడని ఎక్కువమంది అనుకొని ఉండరు. కాని ప్రకాశంకు ఒక అనుకూలత ఉంది. జమీందారీ దావాల అప్పీళ్ళు ఉత్తర జిల్లాల నుండి వచ్చేవి. ఆ భూములు, ఆ కుటుంబములు, అక్కడి ఆచారములు, తెలుగు దస్తావేజుల భాష ఈయనకు కరతలామలకము. వాదనలో న్యాయమూర్తులకు జంకేవాడు కాదు. కొద్ది సంవత్సరములలోనే సివిలు, క్రిమినలు రెండింటిలోను ప్రముఖుడై విశేషముగా ఆర్జించాడు. లా టైమ్స్ అను న్యాయశాస్త్ర పత్రికకు సంపాదకత్వము వహించాడు.

ఈయన నిర్వహించిన కేసులలో ఆష్ హత్య కేసు ముఖ్యమైనది. 1911 జూన్ 17న తిరునెల్వేలి కలెక్టరు ఆష్‌ను మణియాచ్చి రైలు స్టేషనులో వాంచినాథన్ అను యువకుడు కాల్చి చంపి, తానూ కాల్చుకొని మరణించాడు. కుట్ర నేరముపై 14 మందిని ప్రభుత్వము విచారణకు నిలిపింది. ప్రకాశం నిందితుల తరఫున వాదించిన న్యాయవాదులలో ఒకడు. ప్రధాన నిందితుడు నీలకంఠ బ్రహ్మచారికి 7 సంవత్సరముల శిక్ష పడింది. కలెక్టరును చంపిన కేసులో నిందితుల పక్షము వహించుట ఆనాడు బారిస్టరు భవిష్యత్తుకు క్షేమము కాదు. అంతకు ముందు 1907లో బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చినపుడు, సభకు అధ్యక్షత వహించుటకు పెద్దలు వెనుకాడగా ఈయన ముందుకు వచ్చాడు. అప్పటికి ఈయన హైకోర్టులో కొత్తవాడే.

వృత్తి విసర్జన

1921లో గాంధీజీ సహాయ నిరాకరణ పిలుపు మేరకు ప్రకాశం ప్రాక్టీసు మానివేశాడు. ఈ త్యాగము విలువ తెలియుటకు పైన చెప్పిన రెండు శాఖల తేడా ఉపకరిస్తుంది. సొలిసిటర్ల సంస్థలో భాగస్వామి తప్పుకున్నా సంస్థ నిలుస్తుంది. కక్షిదారులు అక్కడనే ఉంటారు, అతని వాటాకు ఒక వెల ఉంటుంది. బారిస్టరు ప్రాక్టీసుకు అమ్మకము లేదు, వారసత్వము లేదు. గౌను విప్పిన రోజుననే రాబడి ఆగిపోతుంది. మరల తొడుగుకొనేసరికి అటార్నీలు వేరొకరి గడప తొక్కి ఉంటారు. అప్పటికి ప్రకాశం వయసు 49 సంవత్సరములు, అనగా బారిస్టర్ల సంపాదన పతాకస్థాయిలో ఉండే కాలము. ఆ రోజులలో వృత్తి మానిన న్యాయవాదులు కొందరు కొన్నాళ్ళకు తిరిగి కోర్టులకు వెళ్ళారు. ఈయన శేషజీవితము రాజకీయములకే అంకితమైనది.

కూడబెట్టిన ధనము స్వరాజ్య పత్రికకు వెచ్చించాడు. 1921లో మద్రాసులో స్థాపించిన ఈ పత్రిక ఇంగ్లీషు, తెలుగు, తమిళ భాషలలో వెలువడింది. ఖాసా సుబ్బారావు, కోటంరాజు రామారావు వంటి ప్రముఖ పాత్రికేయులు ఇందులో పనిచేశారు. పత్రిక ప్రతిష్ఠ పెరిగిన కొలది అప్పులు కూడా పెరిగాయి. చివరకు 1930 దశకము మధ్యలో మూతపడింది. ప్రకాశం ఎంత గొప్ప న్యాయవాదియో అంత లెక్కలేని వ్యాపారి అనుట తప్పు కాదు. నిషేధమును లెక్కచేయక మోప్లా తిరుగుబాటు ప్రాంతములో పర్యటించినందుకు ఊటీలోని ఆస్తిని ప్రభుత్వము జప్తు చేసింది.

రాజకీయ జీవితము

1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భముగా మద్రాసులో పోలీసులు కాల్పులు జరుపగా, మృతదేహమును చూడబోయిన ప్రకాశం అడ్డగించిన సిపాయిల తుపాకులకు ఎదురుగా ఛాతీ చూపాడు. 1937లో రాజాజీ మంత్రివర్గములో రెవెన్యూ మంత్రియై జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షత వహించాడు. రాజమండ్రిలో జమీందారీ దావాలతో వృత్తి మొదలుపెట్టిన వ్యక్తి ఆ వ్యవస్థ తప్పులను లెక్కగట్టుటకు కూర్చొనుట విశేషము. క్విట్ ఇండియా ఉద్యమములో 1942 నుండి 1945 వరకు చెరసాలలో ఉన్నాడు. 1946 ఏప్రిల్ 30 నుండి 1947 మార్చి 23 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేశాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. రాజధాని కర్నూలు కాగా, హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో ప్రారంభమైనది. తెలుగు జిల్లాల కక్షిదారులు అప్పీలుకై మద్రాసు వెళ్ళే అవసరము అంతటితో తీరింది. మద్యనిషేధ విషయములో ఓడి 1954 నవంబరులో ఈ ప్రభుత్వము పడిపోయింది. తన జీవితమును నా జీవిత యాత్ర అను పేర స్వయముగా గ్రంథస్థము చేశాడు.

1957లో వేసవి ఎండలో ఒంగోలు ప్రాంతమున పర్యటించి వడదెబ్బ తిని, మే 20న హైదరాబాదులో మరణించాడు. చెప్పుకోదగిన ఆస్తి మిగలలేదు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. విజయవాడ వద్ద కృష్ణానదిపై నిర్మించిన ప్రకాశం బ్యారేజి కూడా ఈయన పేరిటనే వెలసినది.