ఏ పిట్ట వేగం ఎక్కువ?

మధ్యాహ్నం అన్నాలయ్యాక చెట్టు కింద చేరి ఒకరినొకరు జీకే ప్రశ్నలు అడుక్కునే పిల్లలు మన బడులన్నిటిలోనూ ఉంటారు. బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూర్, యానాం, ఎక్కడైనా ఆట ఒకటే. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చెబుతారు, మూడోవాడు కాదంటాడు. పొడవైన నది నైలా, అమెజానా? ఒకడు తెలుగు పుస్తకంలో చూశానంటాడు, ఇంకొకడు కన్నడ పుస్తకంలోనో ఒడియా పుస్తకంలోనో వేరేగా ఉందంటాడు. గంట కొట్టేసరికి ఆట పోయి తగువు మిగులుతుంది. అలాంటి ఒక తగువును 61 ఏళ్ల పెద్దమనిషి మరిచిపోకుండా మూడేళ్లు మనసులో పెట్టుకున్నారు. ఆయన పేరు సర్ హ్యూ బీవర్. గిన్నిస్ రికార్డుల పుస్తకం గురించి వినని పిల్లలు ఉండరు గానీ, ఆ పుస్తకానికి కారణమైన ఈయన గురించి విన్నవారు పెద్దల్లోనూ తక్కువే. అందుకే ఈ వారం ఆయన కథ చెబుతున్నాం.

బీవర్ 1890 మే 4న దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్‌లో పుట్టారు. ఇంగ్లండులో వెల్లింగ్టన్ కాలేజీలో చదివి, ఇరవై ఏళ్లకే మన దేశం వచ్చి పోలీసు శాఖలో చేరారు. 1910 నుంచి 1922 దాకా ఇక్కడే ఉన్నారు. పన్నెండేళ్లు తక్కువ కాలమేమీ కాదు. తర్వాత ఇంగ్లండు వెళ్లి సర్ అలెగ్జాండర్ గిబ్ నడిపే ఇంజనీరింగ్ సంస్థలో చేరారు. రేవులు, వంతెనలు, కర్మాగారాలు కట్టే సంస్థ అది. పదేళ్లలో అందులో భాగస్వామి అయ్యారు. లండన్ పడమటి వైపు పార్క్ రాయల్‌లో గిన్నిస్ కంపెనీకి కొత్త బీరు కర్మాగారం కట్టింది వీళ్లే. అలా ఆ కంపెనీ యజమానుల దృష్టిలో పడ్డారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వ నిర్మాణాల శాఖకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. యుద్ధం అయ్యాక, 1946లో గిన్నిస్ మేనేజింగ్ డైరెక్టర్ అయి 1960 దాకా ఆ పదవిలో ఉన్నారు. బడి పిల్లలకు బహుమతిగా ఇచ్చే పుస్తకం బీరు కంపెనీలో పుట్టిందా అని మాస్టార్లు నొసలు చిట్లించవచ్చు. పుట్టింది మరి, దాచడమెందుకు?

1951 నవంబరు 10. ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ జిల్లాలో, స్లేనీ నది పక్కన ఉన్న చిత్తడి నేలల్లో బీవర్ మిత్రులతో కలిసి పిట్టల వేటకు వెళ్లారు. ఒక గోల్డెన్ ప్లోవర్ మీద గురి పెట్టి కాలిస్తే తప్పిపోయింది. పిట్ట అంత జోరుగా ఎగిరిపోయింది. ఈ పక్షి దగ్గరి చుట్టం ఒకటి చలికాలంలో మన చిలికా, పులికాట్ సరస్సుల వైపు కూడా వస్తుంది. సాయంత్రం బసకు చేరాక మాట దాని మీదికే మళ్లింది. వేటాడే పిట్టల్లో యూరప్ మొత్తం మీద వేగం దేనిది? గోల్డెన్ ప్లోవర్‌దని కొందరు, కాదు రెడ్ గ్రౌస్‌దని కొందరు. గ్రౌస్ అంటే మన కౌజుపిట్టల కుటుంబానికి చెందినదే. ఇంట్లో మంచి పుస్తకాలే ఉన్నాయి. తీసి చూశారు, ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు. తగువు తేలకుండానే పొద్దుపోయింది. ప్లోవర్‌దే పైచేయి అని తర్వాత చాలామంది అంటూ వచ్చారు గానీ, ఆ రాత్రి మాత్రం ఎవరూ గెలవలేదు.

మనమైతే అక్కడితో వదిలేస్తాం. బీవర్ ఆలోచన వేరే దారిలో పోయింది. బ్రిటన్, ఐర్లండు దేశాల్లో అప్పట్లో 80 వేలకు పైగా పబ్బులుండేవి. అంటే జనం సాయంత్రాలు చేరి కబుర్లాడుకునే మద్యశాలలు. వాటిలో ప్రతి రాత్రీ ఇలాంటి తగువులు ఎన్ని పుడుతుంటాయో, తేల్చే పుస్తకం ఒకటి ఉంటే ఎలా ఉంటుందో అనుకున్నారు. అందులో వ్యాపారమూ ఉంది, ఆ పబ్బులు తన బీరు అమ్మే చోట్లే కదా. కానీ వ్యాపారం కోసమే అయితే బీరు మీద ప్రకటనలు చాలు. జవాబు దొరకని చిరాకు ఆయన్ని నిజంగానే వదల్లేదని మేమనుకుంటున్నాం.

పుస్తకం రాసేవాళ్లు కావాలి. గిన్నిస్‌లో అప్పుడు క్రిస్టఫర్ చాటవే అనే యువకుడు ఉద్యోగం చేస్తున్నాడు. మంచి పరుగు వీరుడు. 1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తి చరిత్ర సృష్టించినప్పుడు, అతనికి జోరు అందిస్తూ ముందు పరిగెత్తిన ఇద్దరిలో చాటవే ఒకడు. ఆ మైదానంలో మైకు పట్టుకుని ఫలితం ప్రకటించినవాడు నోరిస్ మెక్‌విర్టర్. నోరిస్, అతని కవల సోదరుడు రాస్, లండన్‌లో పత్రికలకు లెక్కలూ వివరాలూ సేకరించి ఇచ్చే చిన్న సంస్థ నడుపుతుండేవారు. చాటవే వారి పేరు చెప్పాడు, బీవర్ పిలిపించారు.

ఆ ముఖాముఖీ గురించి నోరిస్ తర్వాతి రోజుల్లో చెప్పేవాడు. మాటల్లో బీవర్ టర్కీలో తాము చేసిన నిర్మాణ పనుల గురించి, అక్కడి భాషతో పడ్డ ఇబ్బంది గురించి ప్రస్తావించారట. టర్కిష్ కష్టమెందుకు, అందులో నియమం తప్పే క్రియ ఒక్కటే కదా అని నోరిస్ అన్నాడు. అదేదో చెప్పమని బీవర్ నిలదీశారు. ఇమెక్, అంటే ‘ఉండు’ అనే క్రియ, అని జవాబు తడుముకోకుండా వచ్చింది. పని ఆ కవలలకే దక్కింది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, పరీక్షలో ఇంకో భాష మాట్లాడే మన పిల్లలకు ఈ ముక్క నచ్చుతుందని తెలుసు.

కవలలు వారానికి 90 గంటల చొప్పున పదమూడు వారాలకు పైగా కూర్చుని పుస్తకం తయారుచేశారు. శాస్త్రవేత్తలకూ సంస్థలకూ ఉత్తరాలు రాసి సమాచారం రాబట్టారు. ఇందులో ఒక కిటుకు కనిపెట్టారు. వట్టి ప్రశ్న పంపితే పెద్దలు బదులివ్వరు. తాము ఊహించిన జవాబు రాసి, ఇది సరేనా అని అడిగితే మాత్రం తప్పు దిద్దడానికి వెంటనే కలం పడతారు. చెట్టు కింది మన ఆటలో మూడోవాడు చేసేదీ అదే. 1955 ఆగస్టు 27న తొలి ప్రతి సిద్ధమైంది. క్రిస్మస్ నాటికి బ్రిటన్‌లో అన్ని పుస్తకాలకంటే ఎక్కువగా అమ్ముడుపోతున్నది అదే.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. 1980లో రెండు పదమూడంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించిన బెంగళూరు బిడ్డ శకుంతలాదేవి అందులోకి ఎక్కారు. విజయనగరంలో పుట్టి చెన్నైలో స్థిరపడి, ఆరుకు పైగా భారతీయ భాషల్లో పాడిన పి.సుశీల 17,695 పాటలతో 2016లో ఎక్కారు.

అయితే బీవర్‌ను తలుచుకోవడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. దాన్ని రికార్డుల పుస్తకం మరుగున పడేసింది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్‌ను బొగ్గుపొగతో కలిసిన మంచు కమ్మేసింది. పట్టపగలు ఎదుటి మనిషి కనపడలేదు, బస్సులు ఆగిపోయాయి. దాదాపు 4,000 మంది చనిపోయారని మొదట లెక్క వేశారు, తర్వాతి పరిశోధకులు 12,000 దాకా ఉండవచ్చన్నారు. ప్రభుత్వం ముందు మీనమేషాలు లెక్కపెట్టింది. చివరికి 1953లో వాయుకాలుష్యం మీద ఒక కమిటీ వేసి అధ్యక్షుడిగా బీవర్‌ను పెట్టింది. 1954 నవంబరులో కమిటీ తుది నివేదిక ఇచ్చింది. పొగలో ఇళ్ల పొయ్యిలదీ పెద్ద వాటాయేనని, కర్మాగారాలను మాత్రమే కట్టడి చేస్తే చాలదని తేల్చింది. జనం చలి కాచుకునే పొయ్యి జోలికి పోవడం ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందే. అయినా 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. పొగరాని ఇంధనం మాత్రమే వాడాల్సిన ప్రాంతాలు ఏర్పడ్డాయి, ఇళ్లలో పొయ్యిలు మార్చుకోవడానికి డబ్బు సాయం కూడా అందింది.

తేదీలు చూడండి. కవలలను పిలిపించి మాట్లాడిందీ, పొగ మీద తుది నివేదిక ఇచ్చిందీ ఒకే ఏడాది, 1954లో. ఒక చేత్తో పిట్టల వేగం ప్రశ్న, ఇంకో చేత్తో జనం ఊపిరితిత్తుల ప్రశ్న. ఈ రెండోదానికి కూడా అంతకుముందు ఎవరి దగ్గరా సరైన లెక్క లేదు.

బీవర్ 1967 జనవరి 16న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు. కవలలు 1972 నుంచి బీబీసీలో పిల్లల కార్యక్రమానికి వచ్చేవారు. పిల్లలు ఏ రికార్డు గురించి అడిగినా పుస్తకం తెరవకుండా జవాబు చెప్పేవారు. 1975లో రాస్‌ను ఇంటి గుమ్మంలోనే ఉగ్రవాదులు కాల్చి చంపారు. నోరిస్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఒంటరిగా పుస్తకం పని చూసుకుంటూ, ఆ కార్యక్రమంలో పిల్లల ప్రశ్నలకు జవాబులు చెబుతూ వచ్చాడు.