డొక్కా సీతమ్మ గారు: అంతర్వేది దారిలో వెనక్కి తిరిగిన అన్నపూర్ణ

ఈ వారం వీడియోలో డొక్కా సీతమ్మ గారి గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఉన్నాయి. అవి ఇక్కడ చెప్పుకుందాం. ముఖ్యంగా ఆమె భర్త జోగన్న గారి గురించి. ఆయన లేకుండా ఈ కథ సగమే అవుతుంది.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెడుతూ ఉండేవారని ఊళ్లో ఆయన్ని బువ్వన్న అనేవారట. తల్లి నరసమ్మ గారు తొందరగా కాలం చేయడంతో, చిన్న వయసులోనే ఇంటి బాధ్యత సీతమ్మ గారి మీద పడింది.

ఒకసారి లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు ప్రయాణం మధ్యలో భోజనం వేళకి ఆ ఇంటికి వచ్చారు. ఆయన వేదం చదువుకున్న పండితుడు, సొంత పొలం ఉన్న రైతు. ఆ ఇంటి ఆదరణ, ఆ అమ్మాయి వినయం ఆయనకి బాగా నచ్చాయి. ఆమెనే పెళ్లి చేసుకున్నారు. చూడండి, ఆ దంపతుల బంధం మొదలైందే ఒక పూట భోజనంతో!

గన్నవరం వైనతేయ గోదావరి ఒడ్డున ఉంటుంది. చుట్టూ లంక గ్రామాలే. ఆ రోజుల్లో కోనసీమలో ఎక్కడికి వెళ్లాలన్నా పడవ ఎక్కాలి, లేదా మైళ్లకి మైళ్లు నడవాలి. వరద వస్తే రేవులోనే పడిగాపులు. దారిలో డబ్బులిచ్చినా అన్నం దొరికే చోట్లు తక్కువ. అలా అలిసిపోయి వచ్చినవాళ్లకి ఈ దంపతుల ఇల్లు కనిపించేది.

వాళ్ల దినచర్య అంతా దాని చుట్టూనే తిరిగేది. జోగన్న గారిది పొలం పని, ధాన్యం ఇంటికి చేర్చే బాధ్యత. సీతమ్మ గారిది పొయ్యి, వడ్డన. కులం అడిగేది లేదు, ఊరు అడిగేది లేదు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి మళ్లీ పొయ్యి వెలిగించేవారు. మనం ఆదివారం నలుగురు చుట్టాలొస్తేనే ఆర్డర్ పెట్టేద్దామా అనుకుంటాం. ఆమె ఒక రోజు కాదు, ఒక ఏడాది కాదు, నాలుగు దశాబ్దాలకు పైగా ఇలాగే గడిపారు.

ఇదంతా సులువుగా జరగలేదు. వచ్చేవాళ్లు పెరిగారు గానీ పొలం పెరగలేదు కదా. ఉన్న ఆస్తి కరుగుతూ వచ్చింది. అయినా పొయ్యి ఆరలేదు. భర్త ఒక్కసారి వద్దంటే ఆగిపోయే పని అది. జోగన్న గారు ఆగనివ్వలేదు.

సీతమ్మ గారికి ఒకే ఒక్క కోరిక ఉండేది: అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలని. అన్నదానం వదిలి కదలడానికి ఎప్పుడూ తీరిక దొరికేది కాదు. చివరికి ఒకసారి బయల్దేరారు. దారిలో కొందరు ప్రయాణికులు ఎదురయ్యారు. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ఇంకాస్త ఓపిక పడితే గన్నవరంలో సీతమ్మ గారి ఇంట్లో అన్నం దొరుకుతుందని పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. అంతే, స్వామి దర్శనం మానుకుని, వాళ్లకంటే ముందే ఇంటికి చేరి వంట మొదలుపెట్టారని ఇప్పటికీ కోనసీమలో చెప్పుకుంటారు.

ఆమె పేరు సముద్రాలు దాటింది. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే, అన్నం పెట్టడం ఆపి రాలేనని చెప్పేశారట. కనీసం ఫోటో అయినా పంపమన్నారు. ఆమెకి అదీ ఇష్టం లేదు. ఫోటో పంపకపోతే తన ఉద్యోగానికి ముప్పు అని అధికారి బతిమాలితే, ఆయన కోసం ఒప్పుకున్నారని చెప్తారు. గొప్ప కోసం కాదు, ఇంకొకరి బువ్వ పోకూడదని!

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు పరమపదించారు. ఈరోజు పి.గన్నవరంలో కొత్త అక్విడక్ట్‌కి ఆమె పేరే ఉంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలు తినే మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే.

అన్నం పరబ్రహ్మ స్వరూపం అని మనం అందరం వింటూనే ఉంటాం. ఆ దంపతులు దాన్ని రోజువారీ పనిగా చేసి చూపించారు. అంతర్వేది వెళ్లలేకపోయిన ఆ తల్లి దగ్గరికి, ఆకలి రూపంలో నరసింహుడే రోజూ నడిచి వచ్చాడని మా నమ్మకం.

ఈ వారం మీరు కూడా ఒక్కరికి, మీ చేత్తో వడ్డించి, కడుపు నిండా అన్నం పెట్టండి. వాళ్ల పేరు, ఊరు తర్వాత అడగొచ్చు.

అన్నపూర్ణా మాత అనుగ్రహం మీ ఇంట నిండుగా ఉండాలి. శుభం.