గుండెకు శక్తి ఎక్కడిదో చెప్పిన డాక్టరు

తిరుత్తణి కొండకు 365 మెట్లు. ఆడికృత్తికకు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎక్కుతారు. సగంలో రొమ్ము పట్టేసినట్టయి కూర్చుంటే, అవ్వలు గ్యాస్ అనేసి సోడా తాగి మళ్ళీ లేస్తారు. తిరువళ్ళూరు వైద్య వీరరాఘవస్వామి కోనేటి పేరు హృత్తాపనాశిని. హృదయంలోని తాపం పోగొట్టేదని అర్థం. జబ్బు కరిగిపోవాలని అందులో బెల్లం వేస్తారు. ఈ రెండు ఊళ్ళ నుంచి రైలెక్కి వచ్చే మనం తెలుసుకోవలసిన మనిషి ఒకరున్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు గారు. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పేరు తెలియనివాళ్ళు లేరు గానీ, అదే తరానికి చెందిన ఈయన పేరు మనలో చాలామందికి తెలియదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువ. కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు వదిలి పారిపోయారట. వాళ్ళమ్మ వెంకమ్మగారు వెనక్కి తెచ్చి చదివించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్లో గట్టెక్కారు. అరియర్స్ ఉన్నవాళ్ళు ఈ మాట గుర్తు పెట్టుకోండి!

తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటు వేసుకుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా ఎం.బి.బి.ఎస్. కాకుండా దానికన్నా చిన్నదైన ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. ఈలోగా స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్న, తమ్ముడు కొన్ని రోజుల తేడాలో పోయారు. మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడ పుట్టింది. మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో ఓడెక్కి బోస్టన్ చేరారు. పగలు హార్వర్డులో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల బెడ్‌పాన్లు కడిగే పని.

హార్వర్డులో ఫిస్కే గారితో కలిసి, రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ దారిలోనే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత 1929లో ఏటీపీ బయటపడ్డాయి. కండరం ముడుచుకోవడానికి శక్తినిచ్చేవి ఇవే. గుండె కూడా కండరమే కదా! మన గుండె ప్రతి కొట్టుకూ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే.

అంత చేసినా హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ ల్యాబుకు మారారు. 1945లో అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు పనికొచ్చింది. ఇవాళ పి.హెచ్.సి.లో గర్భిణులకు ఐరన్‌తో కలిపి ఇచ్చేదీ అదే. బోదకాలుకు ఇచ్చే డి.ఇ.సి. మాత్ర, పిల్లల రక్తకేన్సరును మొదటిసారి అదుపు చేసిన అమినోప్టెరిన్ కూడా ఆ ల్యాబు నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో ఆయన గుండె ఆగిపోయింది. మళ్ళీ మన దేశం రానేలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు.

అప్పట్లో ఈసీజీ ఉండేది. కానీ గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళాలను బతికున్న మనిషిలో చూసే వీలు డాక్టర్లకు లేదు. మొదటి సీటీ స్కాన్ 1971లో లండన్‌లో తీశారు, అదీ తలకు. కదలకుండా ఉండని గుండెను స్పష్టంగా పట్టే మెషిన్లు రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు గుండె సీటీ మామూలు పరీక్షల్లో ఒకటైంది. నాడి వేగంగా ఉంటే తగ్గడానికి మాత్ర ఇస్తారు. చేతి నరంలోకి డై ఎక్కిస్తారు. కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. గుండె కొట్టుకునే లయను చూసుకుంటూ మెషిన్ బొమ్మలు తీస్తుంది. లోపలికి గొట్టం పెట్టకుండానే ఏ నాళం ఎంత సన్నబడిందో తెలుస్తుంది.

అలాగని అందరూ తీయించుకోవలసింది కాదు. రేడియేషన్ ఉంటుంది, డై వల్ల కిడ్నీ సరిగా లేనివాళ్ళకు ఇబ్బంది రావచ్చు. ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి. నొప్పి ఉన్నట్టుండి గట్టిగా వచ్చి తగ్గకపోతే స్కాన్ సెంటరు వెతక్కూడదు, 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్ళకు ఒక్కోసారి రొమ్ము నొప్పి పెద్దగా తెలియదు. ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడలోనో వీపులోనో నొప్పి, ఇలా వస్తుంది. అందుకే గ్యాస్ అని సరిపెట్టుకుంటారు.

స్కాన్ ఉండుంటే సుబ్బారావు గారు బతికేవారా అంటే ఎవరూ చెప్పలేరు. ఆయనకు లేని వీలు మన అమ్మకు, అవ్వకు ఉంది. ఈ ఆదివారం ఇంటికెళ్ళినప్పుడు, మెట్లెక్కితే ఎలా ఉంటోందో వాళ్ళను ఒక్కసారి అడగండి. కోనేట్లో బెల్లం వేయనీయండి, తప్పులేదు. డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళండి.