ఆర్థర్ కాటను

వైనతేయ గోదావరి సముద్రమును గలియు నోడలరేవు నొద్ద నిలిచినవారికి, కోనసీమ వరిచేలును కొబ్బరితోఁటలును ప్రకృతి యిచ్చిన వరములుగాఁ దోఁచును. కాని పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున నది నిండుగాఁ బాఱుచుండఁగనే గోదావరీమండల ప్రజలు క్షామమున నశించిరి. 1821లో 7,38,308 యగు జనసంఖ్య 1841 నాఁటికి 5,61,041కి దిగెను.

1803లో ఇంగ్లాండున జనించిన కాటను 1821లో ఇంజనీరుగా మద్రాసునకు వచ్చెను. ఇసుకమీఁద రాతికట్టడమును నిలుపు నేర్పును ప్రాచీన చోళుల కల్లణై నుండి గ్రహించి, కొల్లిడముపై నానకట్టలు గట్టించెను. పిమ్మట నారోగ్యము చెడి దేశాంతరములలో విశ్రమింపవలసివచ్చెను. తిరిగివచ్చి, ధవళేశ్వరమున నానకట్ట కట్టవలెనని 1844లో దొరతనమువారికి విన్నవించెను.

1847లో పని యారంభమయ్యెను. మఱుసటి యేఁడే యాతఁడు మరల జబ్బుపడి, పనిని కెప్టెన్ ఓర్ అను సహోద్యోగి కప్పగించి ఆస్ట్రేలియాకుఁ బోయెను. 1850లో తిరిగివచ్చి, వీణెం వీరన్న మొదలగువారి తోడ్పాటుతో 1852లో ఆనకట్టను ముగించెను. రైళ్లకంటెఁ గాలువలే దేశమునకు మేలని వాదించినందున 1878లో పార్లమెంటు విచారణసంఘము నెదుటఁ గఠినప్రశ్నలకు లోనయ్యును దన మతమును విడువలేదు. 1899లో మరణించెను. ఆ యానకట్టకు బదులుగా 1982లో ముగిసిన బ్యారేజి యాతని పేరనే వెలసినది.

దేహము లొంగినప్పుడు పనిని నమ్మినవారి కొప్పగించుట యోటమి గాదు. కోలుకొని మరల దానికడకు వచ్చుటయే పట్టుదల యని యీ జీవితము దెలుపుచున్నది.